పెద్దమ్మ ఏ రకం?

ఆ వీధిలో ఆయన అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. అందరికీ టేపు మాస్టారే. మెడలో కొలతల టేపు లేకుండా ఆయన్ని చూసినవాళ్ళు లేరు. భోజనానికి కూర్చున్నా ఉంటుంది, బజారుకు వెళ్ళినా ఉంటుంది, ఆఖరికి పెళ్ళి ఫొటోలో కూడా కోటు కాలరు కిందనుంచి పసుపుపచ్చటి టేపు కొస తొంగిచూస్తూ ఉంటుంది. ఆయన భార్య ఆ ఫొటో ఎవరికీ చూపించదు.

ముందు గదిలో రెండు కుట్టుమిషన్లు, ఒక కత్తిరింపు బల్ల, ఒక నిలువుటద్దం. ఆడవాళ్ళ గౌన్లు, బడిపిల్లల యూనిఫారాలు కుడతాడు. పనిలో ఆయనకు ఒకటే పిచ్చి, ఫినిషింగు. బట్ట తిరగేసి చూసినా ఒక్క పోగు వేలాడకూడదు. దారాలు తుంచే బుల్లి కత్తెర ఎప్పుడూ చొక్కా జేబులో ఉంటుంది. మాట్లాడుతూ మాట్లాడుతూ ఎదుటివాడి బొత్తం దగ్గర పోగు కనిపిస్తే చాలు, మాట ఆపి, అది తుంచేసి, మళ్ళీ మాట అందుకుంటాడు. ఆ గుణమే ఆయన కొంప ముంచింది. ఎలా ముంచిందో చెబుతాను, తొందరపడకండి.

వెనక గది తమ్ముడిది. దుకాణాల పైన బోర్డులు బిగించే పని అతనిది. పెళ్ళి మాటెత్తితే నవ్వేసి లేచిపోయేవాడు. తిండీ నిద్రా అన్నావదినల దగ్గరే. అతనికంటూ ఉన్న సొంత ఆస్తి అల్లా కిటికీ పక్కన ఒక గాజు పెట్టె, అందులో ఒక సాలీడు. సాలీడంటే ఇంటి మూలల్లో గూళ్ళల్లేది అనుకునేరు, అది కాదు. టరాంటులా అంటారు. ఒళ్ళంతా బొచ్చు, కాళ్ళు చాపితే అరచెయ్యంత. రంగు చేపలమ్మే కొట్టాయన దగ్గర గోరంత పిల్లగా ఉన్నప్పుడు తెచ్చుకున్నాడు. ఒంటి మీద బొచ్చు మెలికలు తిరిగి ఉంటుంది కాబట్టి దీన్ని ఉంగరాల బొచ్చు రకం అంటారని ఆ కొట్టాయనే చెప్పాడు.

దాని పేరు పెద్దమ్మ. అన్నదమ్ముల తల్లికి ఒక అక్కగారు ఉండేవారు. ఆవిడ మూల కుర్చీలో కదలకుండా కూర్చుని, ఇంట్లో జరిగేదంతా చూసేది, అందరి మాటా వినేది, తన మాట ఒక్కటీ బయటపెట్టేది కాదు. కంచం పెట్టినప్పుడు మాత్రం మెరుపులా కదిలేది. సాలీడు మొదటిసారి కీచురాయిని పట్టుకోవడం చూసి తమ్ముడు, అచ్చం పెద్దమ్మే అన్నాడు. అంతే, ఆ పేరు ఖాయమైపోయింది. పెద్దమ్మ అని పిలవడం మొదలెట్టాక అది ఆడదా మగదా అని ఇంకెవరడుగుతారు?

మాస్టారి భార్య మాత్రం ఈ ఇంట్లో అదైనా ఉండాలి, నేనైనా ఉండాలి అని తెగేసి చెప్పింది. ఇద్దరూ ఉన్నారు. గౌన్లు కుట్టించుకునే ఆడవాళ్ళకు తెలిస్తే గుమ్మం తొక్కరని వెనక గదికి మందపాటి తెర కుట్టి తగిలించాడు మాస్టారు.

పాము కుబుసం విడిచినట్టే సాలీడు కూడా అప్పుడప్పుడు పాత తోలు విడుస్తుంది. ఆ తోలు చూస్తే పక్కన ఇంకో సాలీడు పడి ఉన్నట్టే ఉంటుంది. విడిచినప్పుడల్లా తమ్ముడు దాన్ని తెచ్చి అన్నయ్య చేతిలో పెట్టేవాడు. మాస్టారు దాన్ని కాస్త తడిపి, మెత్తబడ్డాక ఎనిమిది కాళ్ళూ సరిగ్గా చాపి, తెల్ల అట్ట మీద అతికించేవాడు. కాళ్ళ వరకు చక్కగా వచ్చేది గానీ, వెనక పొట్ట భాగం మాత్రం ముడతలు పడి, చిరిగిన పీలికలా వేలాడుతూ ఉండేది. ఫినిషింగు చెడిపోతోందని ఆ పీలికను జేబులో కత్తెరతో తుంచి పారేసేవాడు. తమ్ముడు ఆ అట్టల్ని వరసగా గోడకు తగిలించుకుని, మా అన్నయ్య చేతిలో ఏదైనా నీటుగా ఉంటుందని వచ్చినవాళ్ళకల్లా చూపించేవాడు.

ఇలా ఉండగా ఒకరోజు బోర్డు బిగిస్తుండగా నిచ్చెన జారి తమ్ముడు కిందపడ్డాడు. నడుం దగ్గర ఎముక చితికింది. ప్రాణం దక్కింది గానీ కాళ్ళు చెప్పినమాట వినడం మానేశాయి. గిల్లినా తెలియదు, నీళ్ళు పోసినా తెలియదు. ఊరికి ఆ చివర, ఇలాంటివాళ్ళకు కసరత్తులు చేయించి నడకకు అలవాటు చేసే ఆసుపత్రిలో చేర్చారు. అక్కడ మొదట్లో అతను ఎవరితోనూ పలకలేదు. గోడ వైపు తిరిగి పడుకునేవాడు. కసరత్తులకు రమ్మంటే కళ్ళు మూసుకునేవాడు. అన్నయ్య ఆదివారం ఆదివారం వెళ్ళి మంచం పక్కన కూర్చుని, ఏం మాట్లాడాలో తెలియక దుప్పటి అంచు సరిచేసి వచ్చేవాడు.

కసరత్తులు చేయించే అమ్మాయి గడుసుది. ఇంట్లో నీకోసం ఎవరున్నారని పదేపదే అడిగి, పెద్దమ్మ సంగతి రాబట్టింది. అయితే ఒప్పందం చేసుకుందాం, నీ కాళ్ళ మీద నువ్వు నిలబడి దానికి నీ చేత్తో మేత వేయాలి, అది నా ఫీజు అంది. ఆ మాట ఎక్కడ తగిలిందో గానీ, మర్నాటి నుంచి అతను కసరత్తుల గదికి వెళ్ళడం మొదలెట్టాడు. ఆదివారం అన్నయ్య వెళ్ళగానే మొదటి ప్రశ్న పెద్దమ్మ తిన్నదా అనే. ఒకసారి నవ్వుతూ ఇలా అన్నాడు.

"నా రెండూ మొరాయిస్తున్నాయి. దానికి ఎనిమిదున్నాయి కదా, తొందరేం లేదులే. ఆడవి ఇరవై ఏళ్ళు బతుకుతాయి అన్నయ్యా. నేనెప్పుడొచ్చినా అక్కడే ఉంటుంది."

బయటికొస్తుంటే ఆ అమ్మాయి వరండాలో మాస్టారిని ఆపింది. "ఆ సాలీడుకు ఏమీ కానివ్వకండి. మా మందులకన్నా అదే ఎక్కువ పనిచేస్తోంది" అంది. మాస్టారు అలాగేనమ్మా అన్నాడు. అనడానికేం, అన్నాడు.

మేత వేసే పని మాస్టారి నెత్తిన పడింది. చెప్పొద్దూ, ఆయనకు అదంటే హడలు. పొడుగాటి పట్టకారుతో కీచురాయిని పట్టుకుని, మూత సందులోంచి జారవిడిచి, మూత వేసి, అప్పుడు ఊపిరి వదిలేవాడు. క్రమంగా అలవాటైంది. మిషను తొక్కుతూ తెర పక్కకు జరిపి, ఏం పెద్దమ్మా, ఎండగా ఉందా అని పలకరించే వరకు వచ్చాడు. అది ఎప్పట్లాగే ఉలకదు, పలకదు.

ఒక పొద్దున్న చూస్తే అది వెల్లకిలా పడి ఉంది. మాస్టారికి పై ప్రాణాలు పైనే పోయాయి. కుబుసం విడిచేటప్పుడు అలాగే పడుకుంటుందని తమ్ముడు ఎప్పుడో చెప్పిన మాట గుర్తొచ్చాక గానీ కుదుటపడలేదు. మధ్యాహ్నానికి పెట్టెలో రెండున్నాయి, ఒకటి పాత తోలు, ఒకటి పెద్దమ్మ. తోలు తీసి తడిపి, అట్టకు అతికించి, వెనక పీలిక తుంచేసి, తమ్ముడొస్తే చూపిద్దామని పక్కన పెట్టాడు.

నాలుగు రోజులు పోయాక పెద్దమ్మను పరికించి చూస్తే, ఇది మనదేనా అని అనుమానం వచ్చింది. కాళ్ళు పొడుగయ్యాయి, పొట్ట లోపలికి పోయింది, రంగు నల్లబడింది, ఉంగరాలు తిరిగిన బొచ్చు సాపుగా అయింది. గాజు మీద టేపు పెట్టి మరీ కొలిచాడు. ఇన్నేళ్ళ వృత్తిలో పిల్లలు పొడుగవడం చూశాడు, పెద్దలు లావవడం చూశాడు గానీ, ఒక్కసారిగా కాళ్ళు పెరిగి నడుం తగ్గిన శాల్తీని ఎన్నడూ చూడలేదు. దానికి తోడు తిండి మానేసింది. కదలకుండా కూర్చునే పెద్దమ్మ ఇప్పుడు ఈ మూల నుంచి ఆ మూలకు, ఆ మూల నుంచి ఈ మూలకు ఒకటే తిరుగుడు. ముందు కాళ్ళతో గాజును తట్టడం, మళ్ళీ తిరగడం. వేసిన కీచురాయి దర్జాగా దాని వీపెక్కి కూర్చున్నా పట్టించుకోలేదు.

నా చేతి చలవేనా ఇది అని మాస్టారు బెంగపడ్డాడు. ఇస్త్రీ ఆవిరి తగిలిందేమోనని ఇస్త్రీ బల్ల వీధిలో పెట్టుకున్నాడు. నీళ్ళు మార్చాడు, మట్టి మార్చాడు, పెట్టె చుట్టూ గుడ్డ కప్పాడు, గుడ్డ తీశాడు. ఏం చేసినా అది తిరుగుతూనే ఉంది. చివరికి చేపల కొట్టాయన్ని బతిమాలి తీసుకొచ్చాడు. ఆయన బుర్ర గోక్కున్నాడు. నేనమ్మింది ఉంగరాల బొచ్చు రకమే అనుకున్నా, ఇప్పుడు ఈ నలుపూ, పొట్ట మీద ఎర్ర బొచ్చూ చూస్తే ఎర్ర నడుం రకంలా ఉంది, పిల్లలుగా ఉన్నప్పుడు అన్నీ ఒకేలా ఉంటాయి, కలిసిపోయాయేమో అన్నాడు. మరి ఏం చేయాలంటే, ఒక్కో రకానికి ఒక్కో తేమ, ఒక్కో వేడి, రకం తెలియకుండా నేనేం చెప్పను అని చేతులు దులుపుకుని వెళ్ళిపోయాడు.

అప్పటినుంచి మాస్టారికి ఒకటే ధ్యాస, అది ఏ రకమో తెలియాలి. రకం తెలిస్తే ఏం పెట్టాలో తెలుస్తుంది, పెడితే తింటుంది, తింటే బతుకుతుంది. ఆదివారం తమ్ముడి దగ్గర తిండి మానేసిన సంగతి దాచాడు గానీ, రంగు మారిందని, కొట్టాయన వేరే రకమంటున్నాడని నోరు జారాడు. తమ్ముడు మోచేతుల మీద లేచాడు. "ముమ్మాటికీ ఉంగరాల బొచ్చే. వాడికేం తెలుసు? తెలిసినవాళ్ళకు చూపించి తేల్చెయ్యి అన్నయ్యా" అన్నాడు.

తెలిసినవాళ్ళంటే ఎవరు? గౌను వదులు చేయించుకోవడానికి వచ్చే మేడమ్ ఒకావిడ కాలేజీలో పాఠాలు చెబుతుంది. ఆవిడ భుజం కొలత, చేతి కొలత మాస్టారికి కంఠతా వచ్చు గానీ, ఏం పాఠం చెబుతుందో ఏనాడూ అడగలేదు. అడిగితే జంతుశాస్త్రమంది. మాస్టారికి దేవత కనిపించినట్టయింది. పెద్దమ్మను చిల్లులు పెట్టిన ప్లాస్టిక్ డబ్బాలోకి తోలి, గోడ మీది అట్టలన్నీ సంచిలో వేసుకుని బస్సెక్కాడు. పక్క సీటాయన డబ్బాలో ఏమిటండీ అని అడిగితే, మా పెద్దమ్మ అన్నాడు. ఆయన లేచి వెనక్కి వెళ్ళి నిలబడ్డాడు.

మేడమ్ డబ్బాను పైకెత్తి, అడుగు నుంచి చాలాసేపు చూసింది. "ముందు కాళ్ళ కింద చిన్న కొక్కేలు కనిపిస్తున్నాయా? నోటి పక్కన ఆ రెండు చిన్న చేతులున్నాయే, వాటి కొసలు ఎలా ఉబ్బాయో చూడండి. ఇది మగది మాస్టారూ. పెద్దవాడైపోయాడు."

పెద్దవాడైతే మంచిదే కదండీ అన్నాడు మాస్టారు. ఆవిడ కుర్చీ చూపించి కూర్చోమంది. అలా కూర్చోమన్నారంటే మంచి మాట కాదని ఆసుపత్రుల చుట్టూ తిరిగిన మనిషికి తెలుసు.

ఆవిడ నిదానంగా చెప్పింది. ఆడవే ఇరవై ఏళ్ళు బతికేవి. మగది పెద్దయ్యాక ఇక కుబుసం విడవదు, తిండి మీద ధ్యాస ఉండదు, జతకోసం తిరుగుతూనే ఉంటుంది. అది జబ్బు కాదు, వయసు. అలా కొన్ని నెలలు తిరిగి పోతుంది. కొన్ని రకాల్లో మాత్రం ఇంకాస్త ఎక్కువ కాలం లాగుతుంది.

మాస్టారు ఆ చివరి మాట పట్టుకున్నాడు. "ఆ కొన్ని రకాల్లో ఇదొకటేమో చూడండమ్మా. మా తమ్ముడు నడిచొచ్చేదాకా ఉంటే చాలు."

ఈ వయసులో రంగు చూసి, బొచ్చు చూసి చెబితే అది ఊహే అవుతుందంది ఆవిడ. మగదాని రకం ఖాయంగా తేలేది ఆ చిన్న చేతుల కొసల దగ్గరే. అక్కడున్న చిన్న ముక్క ఆకారాన్ని సూక్ష్మదర్శిని కింద చూడాలి. బతికున్నది కదలకుండా ఉండదు, మత్తిస్తే ఈ స్థితిలో అందులోనే పోవచ్చు. "పోయాక స్పిరిట్‌లో వేసి తీసుకురండి. అప్పుడు చెబుతాను" అంది.

"పోయాక తెలిసి ఏం చేసుకోనండీ?"

"ఏమీ చేసుకోలేరు" అంది మేడమ్. ఆవిడ అబద్ధం చెప్పే మనిషి కాదు.

ఏం చేయాలో తోచక మాస్టారు సంచిలోంచి అట్టలు తీసి బల్ల మీద పరిచాడు. ఆవిడ ఒక్కొక్కటే చూస్తూ, చాలా బాగా అతికించారు, మరి వెనక పొట్ట భాగాలేవి అని అడిగింది. ముడతలు పడి అసహ్యంగా ఉంటే తుంచేశానండీ అన్నాడు. ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. ఆడదో మగదో తెలిసేది ఆ ముడతల్లోనేనట. నీళ్ళలో నానబెట్టి విప్పి చూస్తే ఎప్పుడో తెలిసిపోయేదట. ఆవిడ కోపంగా అనలేదు, కోపంగా అన్నా బాగుండేది. ఎప్పుడో తెలిసి ఉంటే తమ్ముడు ఇరవై ఏళ్ళ లెక్క వేసుకునేవాడే కాదు. తన ప్రాణాన్ని తీసుకెళ్ళి ఆ ఎనిమిది కాళ్ళకు కట్టేవాడే కాదు. ఆ నీటు ఫినిషింగే తమ్ముడి పీక మీదికొచ్చిందని మాస్టారు బస్సులో దారంతా కుమిలిపోయాడు.

ఇంటికొచ్చాక భార్యకు అంతా చెప్పాడు. ఆవిడ లేచి, ఎన్నడూ దాటని తెర దాటి వెళ్ళి, గాజు పెట్టె ముందు చతికిలబడింది. "మరిది వచ్చేదాకా ఉండవే తల్లీ. నిన్ను ఇన్నాళ్ళూ తిట్టింది నేనే, నా మీద కోపం అతని మీద చూపించకు" అంది. మగదని ఇప్పుడే చెప్పాను కదే అని మాస్టారు అనబోయి ఊరుకున్నాడు.

తర్వాతి ఆదివారాలన్నీ మాస్టారు అబద్ధాలాడాడు. తింటోందా అంటే తింటోంది. కదలకుండా కూర్చుంటోందా అంటే కూర్చుంటోంది. రకం సంగతి మేడమ్ చూస్తానంది, ఆవిడకు తీరికలేదు. నిజం చెబుదామని నోరు తెరిస్తే, ఎదురుగా తమ్ముడు చెమటలు కక్కుతూ చేతులతో ఇనుప కడ్డీల మీద ఒళ్ళు లేపుతూ ఉండేవాడు. పక్కనుంచి ఆ అమ్మాయి, మేత మేత అని హుషారు చేస్తూ ఉండేది. ఆ స్థితిలో మీరైతే చెప్పగలరా? మాస్టారు మింగలేక కక్కలేక తిరిగొచ్చేవాడు. ఇంటి దగ్గర అది గాజును తట్టే చప్పుడు మిషను ఆపితే వినిపించేది. అందుకని మిషను ఆపేవాడు కాదు.

తిరుగుడు తగ్గింది. ఒక కాలు ఈడ్చడం మొదలెట్టింది. గురువారం పొద్దున నీళ్ళ గిన్నె పక్కన కాళ్ళన్నీ లోపలికి ముడుచుకుని ఉంది. మాస్టారు పట్టకారు పక్కన పడేసి, మొదటిసారి వట్టి చేత్తో దాన్ని తీశాడు. దూదంత బరువు కూడా లేదు. భార్య స్పిరిట్ సీసా పట్టుకుని నిలబడింది, ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు.

మేడమ్ ఆ రోజే చూసింది. ఆ చిన్న చేయి కొసను సూక్ష్మదర్శిని కింద పెట్టి, రెండు లావుపాటి పుస్తకాల్లో బొమ్మలతో పోల్చి, మాస్టారిని కూడా చూడమంది. మిషను సూది మొన వంగినట్టు, నల్లగా, నున్నగా ఉందది. మీ తమ్ముడు చెప్పిందే నిజం, ఉంగరాల బొచ్చు రకమే, అనుమానం లేదు అంది. మాస్టారికి ఒక్క క్షణం ఒళ్ళు పొంగింది. మావాడు చెప్పాడండీ, ముమ్మాటికీ అన్నాడండీ అన్నాడు. చేతిలో ఉన్న సీసా వైపు చూశాక గానీ ఆ పొంగు దిగలేదు.

ఆదివారం బస్సులో నాలుగు మాటలు కూడగట్టుకున్నాడు. లోపలికి వెళ్ళీ వెళ్ళగానే సూటిగా చెప్పేయాలి. మంచం దగ్గర తమ్ముడు లేడు. కసరత్తుల గదిలోంచి ఆ అమ్మాయి గొంతు వినిపిస్తోంది. తలుపు దగ్గరకు వెళ్ళి చూస్తే, కాళ్ళకు పట్టీలు బిగించుకుని, రెండు కడ్డీలు పట్టుకుని, తమ్ముడు నిలబడి ఉన్నాడు. ఊపిరి బిగబట్టి వదిలేంత సేపే. అయినా నిలబడ్డాడు. ఎత్తులో అన్నయ్య కన్నా నాలుగు వేళ్ళు ఎక్కువని మాస్టారికి అప్పుడు గుర్తొచ్చింది. ఏడుపు ఆగలేదు. కూడగట్టుకున్న మాటలన్నీ అందులోనే కొట్టుకుపోయాయి.

చక్రాల కుర్చీలో కూలబడి, రొప్పుతూ, తమ్ముడు అన్నయ్యను చూసి నవ్వాడు. పెద్దమ్మకు చెప్పు, వచ్చేస్తున్నానని అన్నాడు. ఇంతకీ మేడమ్‌కు ఇంకా తీరిక దొరకలేదా అని అడిగాడు. మాస్టారి దగ్గర ఉన్న మంచి మాట ఒక్కటే. దాన్నే అందించాడు.

"నువ్వన్నదే నిజం రా. ఉంగరాల బొచ్చు రకమే. అనుమానం లేదంది."

తమ్ముడు కుర్చీ చేతి మీద చరిచాడు. చూశారా అని ఆ అమ్మాయి వైపు తిరిగి, చేపల కొట్టాయన్ని నాలుగు తిట్లు తిట్టి, అయితే ఇంకా పదిహేనేళ్ళకు ఢోకా లేదన్నాడు. ఇన్నాళ్ళలో అతను అంత ఆనందపడింది లేదు. ఇంతకీ ఎలా కనిపెట్టిందట అని అడిగాడు.

"సూక్ష్మదర్శిని కింద పెట్టి చూసింది. నాకూ చూపించింది."

"పెద్దమ్మనా? పట్టకారు చూస్తేనే గిర్రున తిరిగేది. అంతసేపు కదలకుండా ఉందా?"

"ఉంది రా, అస్సలు కదల్లేదు" అన్నాడు మాస్టారు.

అన్నాక గానీ తానేమన్నాడో ఆయనకు తెలియలేదు. తమ్ముడి ముఖం మీద నవ్వు ఇంకా అలాగే ఉంది. కళ్ళు మాత్రం అన్నయ్య ముఖంలో దేనికోసమో వెతికాయి. మాస్టారు తల దించుకున్నాడు.

"ఎప్పుడు?" అన్నాడు తమ్ముడు.

"గురువారం. అది మగదట రా. ఎప్పుడో తెలియాల్సింది, నావల్లే తెలియలేదు. నాకేం చేయాలో తెలియలేదు."

ఈలోగా గది అవతలికి వెళ్ళిన ఆ అమ్మాయి, సంగతి తెలియక, ఇంకొక్కసారి లేద్దామా అని పిలిచింది. కడ్డీలు చేయి చాపితే అందేంత దగ్గర్లోనే ఉన్నాయి. తమ్ముడు వాటి వైపు చూసి, "లేచి ఏం చేయాలి అన్నయ్యా?" అని అడిగాడు. ఎత్తిపొడుపు కాదు, నిజంగా తెలుసుకోవడానికే అడిగాడు.

తమ్ముడి పైజామా అంచున ఒక పోగు వేలాడుతోంది. అలవాటుగా జేబులోకి వెళ్ళిన మాస్టారి చేయి అక్కడే ఆగిపోయింది. ఆయన కింద కూర్చుని, ఆ పాదాన్ని రెండు చేతుల్లోకి తీసుకుని, గట్టిగా పట్టుకున్నాడు. తమ్ముడు కడ్డీల వైపే చూస్తూ ఉన్నాడు. అన్నయ్య తన పాదం పట్టుకున్నాడని అతనికి తెలియలేదు.